‘ప్రభువు కృప’ అనే ఫోల్డర్

పదేళ్ల తర్వాత మళ్లీ ఉద్యోగం చేద్దామని నేను ఒప్పుకోవడం ఒక ఎత్తు, కంప్యూటర్ ఒప్పుకోవడం ఇంకో ఎత్తు. పెళ్లై చోడవరం వచ్చాక నేను కోడ్ ముట్టుకోలేదు. ఇన్నాళ్లకి ఒక కంపెనీ ఇంటి నుంచే పని ఇస్తానంది. ఒకటే షరతు. సోమవారం ఉదయం పదింటికి, నా కంప్యూటర్‌లోనే, హాస్కెల్ భాషలో ప్రోగ్రాం రాసి వాళ్లు చూస్తుండగా నడిపించాలి.

హాస్కెల్ ‘ఫంక్షనల్’ అనే రకం ప్రోగ్రామింగ్ భాష. ఒక పేరుకి ఒకసారి విలువ ఇచ్చామంటే ఇక మార్చడానికి వీల్లేదు. అచ్చం మా అత్తయ్య మాటలాగే. నెలరోజులు పుస్తకం చదివి ఒంటబట్టించుకున్నాను. శనివారం పొద్దున్నే హాస్కెల్‌ని కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి కూర్చున్నాను. గంటలో అయిపోతుందనుకున్నాను, నా మొహం!

డౌన్‌లోడ్ అవుతుంది, సగం దాకా వెళుతుంది, ఎర్ర అక్షరాలు కుమ్మరించి ఆగిపోతుంది. తీసేసి మళ్లీ ఎక్కించాను. పాత వెర్షన్ తెచ్చి ఎక్కించాను. ఇంటర్నెట్‌ని తిట్టాను. మధ్యలో కరెంటు పోతే దాన్నీ తిట్టాను. ఇక తిట్టడానికి ఏమీ మిగలక నన్ను నేనే తిట్టుకున్నాను. పదేళ్లు పోపులు వేసుకున్న బుర్ర, దీనికింకేం ఎక్కుతుంది? ఆదివారం మధ్యాహ్నానికి ఏడుపొచ్చేసింది. అప్పుడే చర్చి నుంచి వచ్చిన అత్తయ్య గుమ్మంలోనే ఆగిపోయారు.

“ఏటమ్మా, ఏటైంది?”

“నా వల్ల కాదత్తయ్యా. నా బుర్ర పాడైపోయింది. ఉద్యోగం వద్దని రేపు వాళ్లకి చెప్పేస్తాను.”

“ఊరుకో. ముందు అన్నం తిను. తిన్నాక సూద్దువుగాని.”

తిని వచ్చి, ఆ ఎర్ర అక్షరాల్ని ఈసారి ఒక్కో లైనూ ఓపిగ్గా చదివాను. ప్రతి లైన్లోనూ ఒకేచోట ప్రశ్నార్థకాల వరస కనిపించింది. అక్కడ ఉండాల్సిందేమిటా అని వెతికితే, అది నా ఫోల్డర్ పేరు. ‘ప్రభువు కృప’.

మా ఇంట్లోకి ఏ కొత్త వస్తువు వచ్చినా దాని మీద ముందు ఆ రెండు మాటలు పడాల్సిందే. బండి మీద, ఫ్రిజ్ మీద, ఆఖరికి బియ్యం డబ్బా మీద కూడా ఉంటాయి. కంప్యూటర్ కొన్నరోజు యూజర్ పేరు ఏం పెట్టమంటారని షాపతను అడిగాడు. మా అత్తయ్య రిటైరైన టీచరు. చర్చి పాటల కాగితాల కోసం తెలుగు టైపింగ్ నేర్చుకున్నారు. తానే కూర్చుని ముచ్చటగా కొట్టారు. కంప్యూటర్ అదే పేరుతో ఫోల్డర్ తయారుచేసుకుంది. హాస్కెల్‌ని ఎక్కించే ప్రోగ్రాంకి ఆ తెలుగు అక్షరాలు అర్థంకాక, అక్కడికి రాగానే చతికిలబడుతోంది.

“ఎవరు పెట్టమన్నారండీ దీనికా పేరు?” అని అరిచాను. “రెండ్రోజులు! రెండ్రోజులు నా ప్రాణం తీసింది!”

అత్తయ్య ముఖం చూస్తే నాకే భయం వేసింది. కానీ ఆవిడ కోప్పడలేదు. “అయితే తీసెయ్యి. దేవుడు కంప్యూటర్ పేరులో ఉంటాడేటి?” అని వంటింట్లోకి వెళ్లిపోయారు.

ఇంగ్లిషు అక్షరాలతో కొత్త యూజర్‌ని పెట్టి, మళ్లీ మొదట్నుంచి ఎక్కించాను. ఈసారి ఎక్కడా ఆగలేదు. ఒకటి, రెండు, మూడు ఇచ్చి, అన్నిటినీ రెట్టింపు చెయ్యమన్నాను. రెండు, నాలుగు, ఆరు అంది. హమ్మయ్య! ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

సోమవారం ప్రోగ్రాం చక్కగా నడిచింది. ఉద్యోగం ఖాయమైందని శుక్రవారం మెయిల్ వచ్చింది. ఆ కబురు చెప్పడానికి వెళితే అత్తయ్య పెరట్లో చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. అరిచిన రోజు నుంచీ నన్ను తినేస్తున్న సిగ్గు ముందు బయటపడింది. ఉద్యోగం సంగతి కంటే ముందే, “ఆ రోజు అలా అరిచాను, క్షమించండత్తయ్యా” అన్నాను.

ఆవిడ చేతిలో కాయ చేటలో పడేశారు.

“క్షమించడానికేటుందే? బుర్ర పాడైపోయిందని నువ్వు ఏడుస్తంటే నాకు గుండె ఆగిపోయింది. పదేళ్లు వంటింట్లో పెట్టి, మేవే ఈ పిల్లని పాడు సేసేవేమో అనుకున్నాను. ఆ మాట ఎవరితో సెప్పుకోను? తప్పు నేను పెట్టిన పేరుదని నువ్వు నామీద అరిసేవు సూడు, అప్పుడు వంటింట్లోకెళ్లి దేవుడికి దండం పెట్టుకున్నానమ్మా.”