మూడో గేరులో మూలుగు

ఈ రోజు పొద్దున ఆబిడ్స్‌లో పోస్టాఫీసు సిగ్నల్ దాటగానే యాదగిరి మూడో గేరు వేశాడు. వెంటనే నా కుడి చేయి దానంతట అదే వెళ్ళి గేరు రాడ్ మీద వాలింది. రాడ్ వెచ్చగా ఉంది. అరచేతికి ఇంజను మామూలు వణుకు తగిలింది. యాదగిరి నా దగ్గర బండి నడుపుతాడు, ఈ మధ్యే చేరాడు. నా చేయి చూసి ముఖం చిన్నబుచ్చుకుని "ఏందన్నా, నా డ్రైవింగ్ మీద నమ్మకం లేదా?" అన్నాడు. నమ్మకం లేక కాదు, ఇది పాత అలవాటు. ఎవరి దగ్గర నుంచి వచ్చిందో వాడికి తెలియదు. ఆయన పోయి ఏడాది దాటింది. ఈ చేయి మాత్రం ఇంకా ఆయన మాటే వింటోంది.

ఆయన పేరు జనార్దన్ సేట్. నాంపల్లి స్టేషన్ వెనక సందులో మైక్ సెట్ దుకాణం. పెళ్ళిళ్ళకు, సభలకు, వినాయక మండపాలకు స్పీకర్లు కిరాయికి ఇచ్చేవారు. పొట్టి మనిషి, తెల్ల పైజామా లాల్చీ, జేబులో పెన్ను ఉండాల్సిన చోట టెస్టర్. మాట్లాడితే సందు చివరి దాకా వినపడేది. జీవితమంతా మైకుల మధ్య గడిపారు కదా, గొంతు కూడా అలాగే తయారైందని మేం నవ్వుకునేవాళ్ళం. నేను వికారాబాద్ పక్కన ఒక ఊరి నుంచి డ్రైవింగ్ లైసెన్సు తప్ప మరేమీ లేకుండా వచ్చాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "బండి నడుపుడు ఎవనికన్న ఒస్తది. మంచిగ వింటవా?" అని అడిగారు. చెప్పిన మాట వింటావా అని అడుగుతున్నారనుకుని తల ఊపాను. ఆయన అడిగింది అది కాదని మొదటి పనిలోనే తెలిసింది.

నుమాయిష్ మైదానంలో ఏదో సంఘం వాళ్ళ సభ. స్పీకర్లు నిలబెట్టాక సేట్ నన్ను కుర్చీలన్నిటి వెనక్కి, ఆఖరి వరుసకు పంపించారు. స్టేజి మీద నుంచి ఎవరో మైకులో అంకెలు చదువుతున్నారు. సంఘం పెద్దాయన ముందు వరుసలో కాలు మీద కాలు వేసుకుని, "మస్తుగున్నది సేట్, గింత చాలు" అంటున్నాడు. సేట్ ఆయన వైపు చూడనే లేదు. నా వైపు చూసి, చేత్తో ఏమిటన్నట్టు సైగ చేశారు. నేను పరుగెత్తుకుంటూ వచ్చి, "మాట గోడకు తగిలి మళ్ళ ఒస్తున్నది సేట్, సాఫ్ తెలుస్తలేదు" అన్నాను. పెద్దాయన ముఖం మాడ్చుకున్నాడు. సేట్ మాత్రం మారు మాట లేకుండా స్పీకర్లన్నీ దింపించి, వాటి ముఖాలు పక్కకు తిప్పించి, నన్ను మళ్ళీ వెనక్కి పంపారు. నేను సరే అనేదాకా సభ మొదలు కాలేదు. సర్దుకుని వెళ్ళేటప్పుడు అన్నారు: "స్టేజి కాడ ఉన్నోనికి ఎప్పుడూ మంచిగనే వినపడ్తది. ఆఖరి వరుసల నిలబడ్డోడు చెప్పిందే నాకు లెక్క." అన్నాళ్ళూ నా మాటను లెక్కలోకి తీసుకున్నవాళ్ళు ఎవరూ లేరు. ఆ రోజు ఇంటికి నడుచుకుంటూ వెళ్ళానో ఎగురుకుంటూ వెళ్ళానో నాకే గుర్తులేదు.

కొన్నాళ్ళకు పాత ఆటో ట్రాలీ తీసేసి సేట్ కొత్త పికప్ కొన్నారు. తెల్ల బండి, ముందు ముగ్గురు కూర్చునే క్యాబిన్. ఆయన భార్య రాజమణమ్మ గారు పసుపు కుంకుమలతో బండి ముఖమే మార్చేశారు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాం, గుమ్మడికాయతో దిష్టి తీశాం, సందంతా పేడాలు పంచాం. మర్నాడు మొదటిసారి నిండా సరుకు వేసుకుని ఆదర్శ్‌నగర్ ఎత్తు ఎక్కుతున్నప్పుడు విన్నాను. మూడో గేరులో, కింద ఎక్కడో, జ్వరం మనిషి నిద్రలో మూలిగినట్టు ఒక శబ్దం. నాలుగో గేరులో లేదు, రెండులో లేదు. ఖాళీ బండికి అసలే లేదు.

షోరూం వాళ్ళకు చూపించాం. కొత్త బండి కదా, గేర్లు సర్దుకోవాలన్నారు. కొన్ని రోజులు ఆగి మళ్ళీ వెళ్ళాం. వాళ్ళు ఖాళీ బండిని ఒక చుట్టు తిప్పి, ఏ శబ్దమూ లేదని చేతులు దులుపుకున్నారు. బరువుంటేనే వస్తుందని నేనంటే, వినే ఓపిక ఎవరికీ లేదు. మూడోసారి వెళ్ళినప్పుడు మెకానిక్ నన్ను పక్కన పెట్టి సేట్ అల్లుడు ప్రవీణ్‌తో, "డ్రైవర్ క్లచ్ మీద కాలు పెట్టి నడుపుతున్నడేమో సార్" అన్నాడు. దుకాణం లెక్కలూ బుకింగులూ చూసేది ప్రవీణే. చెడ్డవాడు కాదు, తొందర మనిషి. వినాయక చవితి దగ్గర పడుతోంది. ఖైరతాబాద్ నుంచి చాదర్‌ఘాట్ దాకా మండపాలు ఒప్పుకుని ఉన్నాం. నిండు బండి దారిలో ఆగిపోతే ఆ సీజనే కాదు, దుకాణం పేరే పోతుంది. "మామా, డ్రైవర్‌ని మార్చుదాం. గీ సప్పుడు గీయన ఒక్కనికే వినపడ్తున్నది" అన్నాడు నా ముందే. నా పని ఆ మూలుగు మీద ఆధారపడి ఉందని అప్పుడు అర్థమైంది. అది నిజమైతే ఉంటాను, కాకపోతే ఊరికి బస్సెక్కడమే.

సేట్ ఆ సాయంత్రం సరుకు వేయించుకుని నా పక్కన కూర్చున్నారు. ఎత్తు ఎక్కాం, మూలుగు వచ్చింది. "గిదే సేట్" అన్నాను. ఆయన ముఖం రాయిలా ఉంది. ఊఁ అన్నారంతే. ఈయన కూడా నమ్మలేదని నాకు గట్టిగా అనిపించింది.

తర్వాత షోరూంలో ఒక మెకానిక్ గేరు రాడ్ చుట్టూ ఉన్న రబ్బరు తొడుగు ఎత్తాడు. దాని కింద పసుపు దారం చుట్టిన రాగిరేకు ఉంది. రాజమణమ్మ గారు పూజ రోజు ఎవరికీ చెప్పకుండా, డ్రైవర్ చేతికి దగ్గరగా ఉంటే రక్షగా ఉంటుందని అక్కడ దోపారట. ఇక నవ్వులే నవ్వులు. మెకానిక్కులు నవ్వారు, మేనేజర్ నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వాడు, ప్రవీణ్ అయితే కడుపు పట్టుకున్నాడు: "అత్తమ్మ పెట్టిన దేవుడే ఇన్ని రోజుల సంది మూలుగుతుండె!" ఇంటికొచ్చి చెబితే ఆవిడ సిగ్గుపడి, "బండి సల్లగుండాలని పెట్టిన బిడ్డా" అన్నారు. రేకు అద్దం దగ్గరికి మారింది. సేట్ అందరికీ సమోసాలు తెప్పించారు. నేనూ తిన్నాను, నేనూ నవ్వాను. గండం గడిచిందనుకున్నాను.

మర్నాడు స్పీకర్లు వేసుకుని ఎత్తు ఎక్కాను. మూడో గేరు. అదే మూలుగు. రేకు అద్దం దగ్గర చక్కగా మెరుస్తోంది, కింద అది అలాగే మూలుగుతోంది. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. సమోసాలు కూడా తినేశాక మళ్ళీ ఏ ముఖం పెట్టుకుని చెప్పడం? ఆ రోజంతా నోరు విప్పలేదు. మర్నాడు దుకాణంలో వైర్లు చుడుతుంటే సేట్ వచ్చి నా ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నారు.

"సప్పుడు పోయిందా?"

"పోలేదు సేట్. ఉన్నది."

"మరి నిన్న చెప్పలే?"

"అందరు నవ్విన్రు గద."

"నవ్వితే నవ్వనీ. వాళ్ళు నవ్విన్రని సప్పుడు పోతదా?" అని లేచి, ప్రవీణ్‌ను కేకేశారు. "షోరూం మేనేజర్‌కు ఫోన్ కొట్టు. బండి మేం తేం, ఆయన్నే రమ్మను. సరుకంత ఎక్కియ్యుండ్రి."

మేనేజర్ వచ్చాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు, ఇస్త్రీ చొక్కా. సందులో బండి వెనక భాగం స్పీకర్లతో, జనరేటర్‌తో నిండి టైర్లు కాస్త అణిగి ఉన్నాయి. సేట్ మధ్యలో గేరు రాడ్ పక్కన ఇరుక్కుని కూర్చుని, మేనేజర్‌ను కిటికీ వైపు కూర్చోబెట్టారు. ప్రవీణ్ వెనకాల బైక్ మీద వచ్చాడు. ఎత్తు మొదలైంది. మూడో గేరు వేశాను. మూలుగు. "గిదే సార్" అన్నాను. మేనేజర్ చెవి రిక్కించి, "నాకైతే ఇంజన్ సౌండ్‌లాగే ఉంది" అన్నాడు. తర్వాత సేట్ వైపు తిరిగి వినయంగానే, "మీరు సౌండ్ లైన్‌లో సీనియర్ కదా సేట్. మీకు వినపడిందా? మీరు విన్నానంటే నేను రాసుకుంటా" అన్నాడు.

ఒక్క అవును చాలు. నా పని నిలబడుతుంది, బండి బాగవుతుంది. సేట్ ఆ మాట అనలేదు. "ఆపు సత్తయ్యా" అన్నారు. పక్కకు ఆపాను. ప్రవీణ్ బైక్ కిటికీ దగ్గరకు తెచ్చాడు. ఆయన ఎప్పటి పెద్ద గొంతుతోనే, రోడ్డంతా వినేలా చెప్పారు: "నాకు వినపడదు. ఎడమ చెవి ఎప్పుడో పోయింది. కుడిది సగమే ఉన్నది. గీ బండి సప్పుడే కాదు, నా స్పీకర్ డబ్బాల సప్పుడు గూడ నాకు సాఫ్ తెల్వది. వీడు వెనక నిలబడి వింటడు, వీడు చెప్పినట్టు నేను తిప్పుత. గట్లనే నడుస్తున్నది నా దుకాణం. వీడు ఉన్నదంటే ఉన్నట్టే."

ప్రవీణ్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. మైకుల వ్యాపారం చేసే మనిషి తనకు చెవులు లేవని నడిరోడ్డు మీద చెప్పడమంటే మాటలా? ఇంట్లో భార్యకు కూడా పూర్తిగా చెప్పని సంగతి అది. మునుపు ఆ సాయంత్రం నా పక్కన కూర్చుని ఊఁ అన్నప్పటి ఆ రాతి ముఖం అప్పుడు నాకు అర్థమైంది. నాకు ఏడుపొచ్చింది. స్టీరింగ్ పట్టుకుని ఎదురుగా చూస్తూ కూర్చున్నాను.

సేటే మళ్ళీ అందుకున్నారు. "వినపడదు గని తెలుస్తది. చెయ్యి ఇయ్యి బాబూ." మేనేజర్ చేయి తీసుకుని గేరు రాడ్ మీద పెట్టించి, దాని మీద తన చేయి వేశారు. బండి కదిలించాను. రెండో గేరులో ఏమీ లేదు. మూడో గేరు వేశాక మేనేజర్ కనుబొమ్మలు ముడిపడ్డాయి. ఇంకోసారి కింది నుంచి ఎక్కమని తనే అడిగాడు. ఎక్కాను. "ఇది ఉండకూడదు సేట్" అన్నాడు నెమ్మదిగా. సేట్‌కు వినపడలేదేమోనని అదే మాట పెద్దగా మళ్ళీ చెప్పాడు.

గేర్‌బాక్స్ మొత్తం మార్చారు, వారంటీలోనే. కారణం ఏమిటని అడిగితే మేనేజర్ దాచకుండా చెప్పాడు: విప్పి చూస్తే అన్నీ బాగానే ఉన్నాయట, ఎందుకు మూలిగిందో కంపెనీ వాళ్ళకూ తెలియలేదట. నాకు ఈ రోజుకీ తెలియదు. చవితికి ముందే బండి చేతికొచ్చింది. నిమజ్జనం దాకా ఎక్కడా ఆగలేదు.

సేట్ చెవుల సంగతి మాత్రం ఆగలేదు. ఆబిడ్స్ నుంచి సుల్తాన్ బజార్ దాకా పాకింది. కొందరు పాత గిరాకీలు చెవిటాయనకు మైకులేంటని వేరే చోటికి వెళ్ళారు. ఆయన ఫికర్ చేయలేదంటే అబద్ధం. కొన్ని రోజులు దుకాణం మెట్ల మీద ఊరికే కూర్చునేవారు. తర్వాత వచ్చినవాళ్ళకు ముందే చెప్పడం మొదలుపెట్టారు: "నాకు వినపడదు, మా సత్తయ్య వింటడు." ఆ మాట విని వెళ్ళిపోయినవాళ్ళు ఉన్నారు, ఉండిపోయినవాళ్ళూ ఉన్నారు. ప్రవీణ్ ఆ తర్వాత నన్ను మార్చే మాట ఎత్తలేదు. ఏ సభకు వెళ్ళినా ఆఖరి వరుసకు తనే నడిచి వెళ్ళేవాడు.

చాలా రోజుల తర్వాత సేట్‌ను అడిగాను. విన్నానని ఒక్క మాట అంటే పోయేది కదా, ఎందుకు అనలేదని. కాగితం మీద రాసి చూపించాల్సి వచ్చింది, అప్పటికి కుడి చెవి కూడా పోయింది. ఆయన చదివి నవ్వారు. "నేను విన్న అంటే అది నా మాట అయితుండె. నన్ను చూసి ఒప్పుకుంటుండె. నువ్వు చెప్పింది నిజమని ఎవనికి తెలుస్తుండె?"

నేను సొంతంగా దుకాణం పెట్టుకున్నప్పుడు రాజమణమ్మ గారితో కలిసి వచ్చారు. కొత్త స్పీకర్ పెట్టి చూపించాను. ఒక్క ముక్క వినపడదు కదా, ఏం చేస్తారోనని చూస్తున్నాను. దగ్గరకెళ్ళి అరచేయి డబ్బాకు ఆనించి, కళ్ళు మూసుకుని, "బేస్ జర ఎక్కువైంది" అన్నారు. నిజంగానే ఎక్కువైంది.

ఈ పొద్దున నా చేయి ఇంకా రాడ్ మీదే ఉంది. యాదగిరి గొంతు సవరించుకున్నాడు. "అన్నా, మొన్నటి సంది చెప్దామనుకుంటున్న. నవ్వుతవని ఊకున్న. బండిల ఏదో సప్పుడు ఒస్తున్నది, గీ గేర్లనే." చెవి పెట్టి విన్నాను. ఏమీ లేదు. అరచేతికి కూడా మామూలు వణుకు తప్ప ఏమీ తెలియలేదు. ఈ మధ్య ఇంట్లో టీవీ గోల తగ్గించమని నా కూతురు అరుస్తోంది, ఆ సంగతీ గుర్తొచ్చింది.

"నాకైతే వినపడ్తలేదురా" అన్నాను. "నువ్వు విన్నవా?"

"విన్న అన్నా."

"అయితే ఉన్నది. దుకాణం కాడికి పోనియ్యి, సరుకంత ఎక్కించుకొని మళ్ళొద్దాం."