ఆమె చెప్పిన ఇసుక

2024 అక్టోబరు 18, శుక్రవారం. సాయంత్రం అయిదున్నర. పిస్కాటవేలో మా ఇల్లు, వంటింటి పక్క గది.

హాజరు: నేను, నా భార్య, నాతో పనిచేసి రిటైరైన మిత్రుడు, ఆయన భార్య.

ఆ రోజు నా డైరీ పేజీ ఇలాగే మొదలవుతుంది. ఏ పేజీ అయినా అంతే. ముందు తేదీ, తర్వాత గదిలో ఎవరెవరు ఉన్నారో, ఆ తర్వాతే జరిగింది. ఇది కంపెనీలో అబ్బిన అలవాటు. నేను ఒక మందుల కంపెనీ రికార్డుల విభాగంలో పనిచేశాను. నా భార్య అదే కంపెనీ ల్యాబ్‌లో మైక్రోస్కోపు కింద పొడులు చూసేది. రేణువుల ఆకారం సరిగ్గా ఉందా, వేరే పదార్థమేదైనా కలిసిందా అన్నది ఆమె చెప్పాలి. అక్కడ మాకొక పద్ధతి ఉండేది. చూసేవాళ్లు ఒకరు, రాసేవాళ్లు ఒకరు. చూసేవాళ్లు పెన్ను పట్టుకోరు. రాసేవాళ్లు లెన్సులోకి తొంగిచూడరు. తొంగిచూస్తే తాము అనుకున్నదే రాసేస్తారని మా పెద్దాయన ఒకరు చెప్పేవారు. చివర ఇద్దరూ సంతకం పెట్టాలి.

రిటైరయ్యాక మేము ఆ పద్ధతినే ఇసుకకు పెట్టాం. కంపెనీ పాత సామాను తీసేస్తుంటే ఒక మైక్రోస్కోపు కొనుక్కొచ్చాం. ఊరికే పెట్టుకోవడం ఎందుకని నా భార్య ఒక ఆదివారం జెర్సీ తీరం నుంచి గుప్పెడు ఇసుక తెచ్చి దాని కింద పెట్టింది. పది నిమిషాలు తల ఎత్తలేదు. తర్వాత, "రాసుకోండి" అంది.

"స్ఫటికం ఎక్కువ. అంచులు అరిగిపోయాయి, పటికబెల్లం ముక్కలు నోట్లో కాసేపు ఉంచుకుని తీసినట్టు. ఒకటి దానిమ్మ గింజ. నిజంగా దానిమ్మ గింజే అండీ, లోపల వెలుగుంది. నల్లవి నాలుగు. ఆ మూల ఒక శంఖం, ఆవగింజలో సగం కూడా ఉండదు, దానికి మెట్లున్నాయి."

అలా మొదలై పదకొండేళ్లు సాగింది. మిత్రులు ఎక్కడికి వెళ్లినా మాకు ఇసుక తెచ్చేవారు. నేను సీసాలో పోసి, నంబరు వేసి, చిటికెడు గాజుపలక మీద చల్లి లెన్సు కింద పెట్టేవాణ్ణి. ఆమె చూసి చెప్పేది. నేను రాసేవాణ్ణి. ఫ్రీమాంట్ నుంచి మా అమ్మాయి పంపిన పసిఫిక్ ఇసుకలో పొట్టు తీసిన పెసరపప్పు రంగు రాయి దొరికింది. ఫ్లోరిడాది చూసి, "ఇందులో ఏమీ లేదు, సగ్గుబియ్యం" అని తీసిపారేసి, మళ్లీ అరగంటకు వచ్చి, "తప్పన్నాను, ప్రతి గింజకీ ఒక్కో రకం నునుపు ఉంది" అని మొత్తం మళ్లీ రాయించింది. కాళ్ల కింద తొక్కి, చెప్పుల్లోంచి దులిపేసేదాంట్లో ఇంత ఉందని నాకు తెలిసింది ఆమె నోటి మాటగానే. నేను ఆ లెన్సుకు కన్ను ఆనించలేదు. పద్ధతి పద్ధతే.

రెండేళ్ల కిందట ఆమె ఎడమ కన్ను మధ్యభాగం పోయింది. లోపలి పొర కింద రక్తనాళాలు కారడం వల్ల వచ్చే జబ్బు అది. కంట్లో సూదులు వేశారు, ఆలస్యమైందన్నారు. కుడి కన్ను బాగానే ఉంది. డాక్టరు ఒక గళ్ల కాగితం ఇచ్చింది. మధ్యలో ఒక చుక్క ఉంటుంది. రోజూ ఎడమ కన్ను మూసుకుని ఆ చుక్కను చూడాలి. గీతలు వంగినట్టు కనిపించినా, ఎక్కడైనా చెరిగినట్టు ఉన్నా రెండు రోజుల్లో రావాలి. అప్పుడైతే సూదులతో ఆపవచ్చు, ఆలస్యమైతే ఏమీ చేయలేం అని ముఖం మీదే చెప్పింది. ఆ కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకు అంటించాం. రోజూ కాఫీ తర్వాత ఆమె దాని ముందు నిలబడేది. నేను పక్కన డైరీతో నిలబడేవాణ్ణి. "సరిగ్గా ఉంది" అనేది. "కుడి కన్ను: సరి" అని రాసేవాణ్ణి. మే నెల పరీక్షలో డాక్టరు కూడా సరి అంది. మళ్లీ నవంబరులో రమ్మంది.

ఆ శుక్రవారం మా మిత్రుడు మోరిస్‌విల్‌లో కూతురి దగ్గర రెండు వారాలు ఉండి వచ్చాడు. వస్తూ ఆ రాష్ట్రపు సముద్ర తీరం ఇసుక తెచ్చాడు. కరీంనగర్ మనిషి, నన్ను అన్నా అంటాడు, నా భార్యతో వదినా అంటూ పరాచికాలాడతాడు. ఇసుక పచ్చడి సీసాలో ఉంది.

"వదినా, జర జాగ్రత్త. ఇది కారం ఇసుక."

"సీసా కడిగావా మరిదీ?"

"రెండుసార్లు కడిగిన. మూత ఆమె కడగాలె, కడగలే."

"అబద్ధం అక్కా," అంది ఆయన భార్య. "డ్రైవ్ చేస్తూ దారిలో మూత తెరిచి వాసన చూశాడు. బీచ్‌కి పోయి గంటసేపు ఇసుక ఏరాడు. ఒక ఫొటో తియ్యమంటే తియ్యలేదు."

"ఫొటోలో మీరుంటరు. ఇసుకల మా వదిన పేరుంటది. ఏది ఎక్కువ?"

అందరం నవ్వాం. నేను ఇసుకను కడిగి, కాగితం మీద ఆరబెట్టి, చిన్న సీసాలోకి తీసి నంబరు వేశాను. పాత గాజుపలకను తుడిచి లెన్సు కింద పెట్టి, దీపం వేశాను. చిటికెడు తీయబోతుండగా మా మిత్రుడు చాయ్ చల్లారుతోందని పిలిచాడు. వెళ్లాను. నిలబడే తాగి వచ్చేసరికి నా భార్య కుర్చీలో కూర్చుని లెన్సు మీదికి వంగి ఉంది. వేలితో మర తిప్పుతోంది. నేను పెన్ను తీశాను.

"రాసుకోండి," అంది.

ఆ సాయంత్రం ఆమె చెప్పింది ఇక్కడ రాస్తున్నాను. డైరీలో ఎలా ఉందో అలాగే.

"తేనెరంగు స్ఫటికం. ఒక్కదాని మీద గీత ఉంది, తమలపాకు ఈనెలాగా సన్నంగా. దాని పక్కన నీలం. నెమలి మెడ నీలం కాదు, అగ్గిపెట్టె మీద ఉంటుందే, ఆ నీలం. గవ్వ ముక్క ఒకటి, గులాబీరంగు, పసిపిల్ల గోరులా వంగి ఉంది. ఇంకొకటి ఉందండీ. పూర్తిగా గుండ్రం. దాంట్లో దీపం తలకిందులుగా కనిపిస్తోంది."

మా మిత్రుడి భార్య చాయ్ కప్పు పట్టుకుని అలాగే ఉండిపోయింది. పదకొండేళ్లలో ఇంత బాగా చెప్పిన రోజు లేదనుకున్నాను. అనుకున్నదాన్ని మార్జిన్‌లో రాశాను కూడా.

"నన్నొకసారి చూడనియ్యి వదినా," అన్నాడు మిత్రుడు. "నేను తెచ్చిన ఇసుక నేనే చూడకుంటే ఎట్ల?"

ఆమె లేచింది. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని వంగాడు. ఒక కన్ను పెట్టాడు. ఇంకో కన్ను పెట్టాడు.

"తెల్లగుంది గదా అన్నా. ఏం లేదు."

"నీకు చూడటం రాదు. మర తిప్పు," అంది ఆయన భార్య.

"తిప్పిన. అద్దం మీద ఒక గీత కనిపిస్తున్నది. ఇసుక లేదు."

నేను బల్ల వైపు చూశాను. నంబరు వేసిన చిన్న సీసా మూతతో సహా అక్కడే ఉంది. చిటికెడు తీసే చెంచా ఒక్క గింజ అంటకుండా కాగితం మీద ఉంది. చిటికెడు నేను తీయలేదు. పలక మీద చల్లలేదు.

ఆ ఒక్క నిమిషంలో నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. "దీపం పక్కకు జరిగినట్టుంది, తర్వాత చూద్దాం," అన్నాను. మా మిత్రుడు నా ముఖం చూశాడు. ఏమర్థమైందో, "నాకు ఇసుక చూడరాదు వదినా, బీచ్‌ల ఏరుడే వచ్చు," అని నవ్వాడు. ఆ నవ్వుకు ఎవరూ తోడు రాలేదు. పావుగంటలో వాళ్లు వెళ్లిపోయారు. నా భార్య గుమ్మం దాకా వెళ్లి, వాళ్ల కారు కదిలేదాకా చెయ్యి ఊపుతూ నిలబడింది. ఏ వైపు కారు వెళ్లిందో ఆ వైపే ఊపింది. చప్పుడును బట్టి అని నాకు అప్పుడు తెలిసింది.

"పలక మీద ఇసుక లేదు," అన్నాను.

"అది మీ ముఖం చూడకుండానే తెలిసింది."

"ఎప్పటినుంచి?"

"అన్నం తిన్నాక మాట్లాడుకుందాం."

"ఎప్పటినుంచి?"

"జూన్‌లో. మొదట గళ్లు కొంచెం వంగాయి. తర్వాత చుక్క చుట్టూ బూడిదరంగు. ఇప్పుడు చుక్క లేదు. మీ ముఖం కూడా లేదు, చెవులున్నాయి."

"రోజూ సరిగ్గా ఉందన్నావు. నేను రాశాను."

"మీరు పెన్ను పట్టుకుని పక్కన నిలబడతారు. ఏం చెప్పమంటారు?"

"నిజం చెప్పమంటాను! రెండు రోజుల్లో రమ్మంది కదా! రెండు రోజులు!"

"అరవకండి. నాకు చూపు పోయింది, చెవులు కాదు." ఆమె కుర్చీ వెతికి కూర్చుంది. "ఎడమ కంటికి వచ్చినప్పుడు మీరేం చేశారో గుర్తుందా? సీసాలన్నీ అట్టపెట్టెల్లో సర్దేశారు. 'ఇక అయిపోయింది' అని నెలరోజులు డైరీ ముట్టలేదు. కన్ను పోయింది నాకు, మంచం పట్టింది మీరు. మిమ్మల్ని లేపి స్నానానికి పంపడమే నాకు పనైంది. మళ్లీ అది చూడాలనిపించలేదు."

"అందుకని కన్ను పోగొట్టుకుంటావా?"

"తగ్గుతుందేమో అనుకున్నాను. సూదికి భయం కూడా వేసింది. అదీ రాసుకోండి."

నేను ఏమీ రాయలేదు. గదిలోకి వెళ్లి జూన్ నుంచి వెనక్కి, ముందుకు పేజీలు తిప్పాను. అన్నీ అక్కడే ఉన్నాయి. జూలైలో ఒక రోజు: పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది. మరో రోజు: పేపరు చదవడం మానేసింది, ఫోన్‌లో వింటోంది, సౌకర్యమట. ఆగస్టులో: మందు సీసా మీద ఏముందో నన్ను చదవమంది, కళ్లజోడు మేడ మీద ఉందట. సెప్టెంబరులో: గోడకు చెయ్యి ఆనించి మెట్లు దిగుతోంది, మోకాలు అనుకుంటాను. ఒక్కొక్కటి విడిగా, తేదీతో, శుభ్రంగా రాసి ఉంది. వాటన్నిటి పైన ప్రతి ఉదయం, "కుడి కన్ను: సరి". నలభై ఏళ్లు రికార్డులు సరిచూసిన మనిషిని. ఒక పేజీని ఇంకో పేజీ పక్కన పెట్టి చదవలేదు.

ఆగస్టులో ఆమె చూసి చెప్పిన ఇసుక సీసా ఒకటి తీశాను. ఆ సీసాలో ఉన్నదే చిటికెడు, అంతా పలక మీద చల్లాను. మొదటిసారి ఆ లెన్సుకు నా కన్ను ఆనించాను.

రాసుకున్నదాంట్లో ఆకుపచ్చ రాయి ఉంది. పలక మీద ఆకుపచ్చ లేదు. శంఖం లేదు. కానీ అక్కడున్నది నేనెప్పుడూ ఊహించనిది. గింజ గింజకీ మధ్య వెలుగు ఉంది. ఒక పలచటి ముక్క మీద రంగులు నీళ్ల మీద నూనెలా కదులుతున్నాయి. ఒక ఎర్రటి గింజ అంచు విరిగి, విరిగిన చోట ఇంకా ఎర్రగా ఉంది. చాలా అందంగా ఉంది. నాకు ఆ అందం మీద కోపం వచ్చింది. ఆమె అది చూడలేదు. నా కోసం లేని ఆకుపచ్చ రాయిని కల్పిస్తున్నప్పుడు, రెండు అంగుళాల దూరంలో ఆ ఎర్రటి గింజ అక్కడే ఉంది. ఎవరూ చూడకుండా, ఎవరూ రాయకుండా సీసాలోకి వెళ్లిపోయింది.

దీపం ఆపేసి డాక్టరు అత్యవసర నంబరుకు ఫోన్ చేశాను. ఉదయం ఎనిమిదికి తీసుకురమ్మన్నారు.

మర్నాడు శనివారం. క్లినిక్‌లో మేమిద్దరమే ఉన్నాం. కంట్లో చుక్కలు వేసి, ఫొటో తీసి, డాక్టరు తెర మీద చూపించింది. నాకు చూపించింది. కంటి వెనక పొర మధ్యలో ఒక దిబ్బలా లేచి ఉంది. మచ్చ గట్టిపడిందని చెప్పింది. ఎప్పుడు మొదలైందని అడిగింది. నా చేతిలో డైరీ ఉంది. తెరవలేదు. నా భార్యే, "జూన్ రెండో వారం," అని ఇంగ్లీషులో చెప్పింది. డాక్టరు సారీ అంది. ఇప్పుడు సూది వేసినా ఉపయోగం లేదు, పక్కచూపు మాత్రం మిగులుతుంది, చదవడం, ముఖాలు గుర్తుపట్టడం ఇక ఉండదు అంది.

"అయితే సూది లేదా?" అంది నా భార్య.

"లేదు."

"అమ్మయ్య," అంది తెలుగులో. డాక్టరుకు అర్థం కాలేదు. ఏమన్నారని నన్ను అడిగింది. నేను చెప్పలేదు.

బయట ఎండ తెల్లగా ఉంది. మందు చుక్కల వల్ల ఆమె కళ్లు చికిలించుకుని నడిచింది. నేను చెయ్యి పట్టుకోబోతే, "పార్కింగ్‌లో ఎవరైనా చూస్తారు, వదలండి," అంది. వదిలాను. నాకంటే ముందు నడిచి, ఒక బూడిదరంగు కారు దగ్గర ఆగి, తలుపు పిడి పట్టుకుని లాగింది. రాలేదు. మళ్లీ లాగింది.

"తాళం తియ్యండి," అంది.

లోపల డ్రైవర్ సీట్లో ఒక తెల్లామె కూర్చుని ఉంది. భయపడి మమ్మల్ని చూస్తోంది. మా కారు ఇంకా నాలుగు కార్ల అవతల ఉంది.