పధ్నాలుగో చోటు

పెర్సీ టెబట్ మంచివాడని మా ఊరంతా అంటుంది. నేను అనను.

రైల్వే సిగ్నల్ గదిలో ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేసి, ఒక్క బండిని కూడా తప్పుదారి పట్టించలేదట. దాదాపు అంతకాలమూ మా చేపల క్లబ్బుకి ఆయనే కార్యదర్శి. ట్రెంట్ నది ఒడ్డున మైలున్నర పొడవునా ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఎప్పుడు గాలం వెయ్యాలో, ఎప్పుడు తియ్యాలో అన్నీ ఆయన ఈలమీదే నడుస్తాయి. పోటీ రోజున ఆడవాళ్ళు తాడు దాటి ఒడ్డుకి రాకూడదన్నది కూడా ఆయన పెట్టిన నియమమే. మా పాదాల చప్పుడుకి చేపలు బెదిరిపోతాయట. ఆయన బూట్లు మాత్రం ముఖమల్‌తో కుట్టినట్టు!

మా ఆయన క్లెమ్‌కి ఆ నదే లోకం. మేజోళ్ళ ఫ్యాక్టరీలో వారమంతా చెవులు చిల్లులు పడే మోతలో పనిచేసి, ఆదివారం పొద్దున్నే వంపు దగ్గర పధ్నాలుగో నంబరు చోటుకి పోయేవాడు. అక్కడ నీళ్ళు నెమ్మది. అడుగున బురదలో పళ్ళేలంత వెడల్పు బ్రీమ్ చేపలు మేస్తుంటాయి. అవి ఎరని నోట పట్టి పైకి లేస్తే గాలానికి కట్టిన బెండు మునగదు, నీళ్ళమీద వాలిపోతుంది. ఆ ఒక్క క్షణం కోసం ఆరుగంటలు వానలో కూర్చునేవాడు. పట్టినవాటిని సాయంత్రం తూచి, మళ్ళీ నదిలోనే వదిలేసి, జిగటంటిన చొక్కాతో ఇంటికి వచ్చేవాడు. ఆ జిగట నేను ఉతకాలి. నాకా నదంటే పడేది కాదు. ఇప్పుడూ పడదు.

కానీ ఎర మాత్రం నేనే పెంచేదాన్ని. ఆ సంగతి మా ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలియదు. కసాయి దుకాణం నుంచి పంది గుండె తెచ్చి, గాటు పెట్టి, పెరటి కొట్టులో చీకట్లో ఉంచితే ఈగ గుడ్లు పెడుతుంది. ఆ తర్వాత కాగితంలో చుట్టి తవుడులో పెట్టాలి. ఆరో రోజుకి తెల్లగా, వెన్నలా మెత్తగా పురుగులు దిగుతాయి. వాటిని గోజర్లు అంటారు. దుకాణంలో దొరికే గట్టి పురుగుల్ని బ్రీమ్ ముట్టని రోజున కూడా వీటిని వదలదు.

క్లెమ్ మార్చిలో పోయాడు, చేపలు గుడ్లు పెట్టే కాలమని గాలాలకి సెలవిచ్చిన మూడో రోజున. జూలైలో పెర్సీ మా గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో పువ్వులు.

"ఎలా ఉన్నావు విన్నీ తల్లీ? సెప్టెంబరులో క్లెమ్ పేరుమీద పోటీ పెడుతున్నాం. కప్పు కూడా చేయిస్తున్నాం."

"మంచిది టెబట్ గారూ."

"అదీ... ఆ మెత్తటి పురుగులు వాడెలా పెంచేవాడో నీకేమైనా చెప్పాడా? ఆ విద్య వాడితోనే పోతే పాపం కదా!"

పాపమట. ఇరవై ఏళ్ళు క్లెమ్ చేతిలో ఓడిపోయిన కడుపుమంట అది.

"చెప్తాను. కానీ పోటీ రోజు పధ్నాలుగో చోటు ఎవరికీ ఇవ్వకూడదు. నేను కూర్చుంటాను. ఊరికే, గాలం లేకుండా," అన్నాను.

ఆయన మొహం చిట్లించాడు. గోడమీద క్లెమ్ ఫొటో చూశాడు. "సరే. చోట్లకి చీట్లు తీసే సంచిలో ఆ నంబరు వెయ్యను. నా మాట."

అంతా చెప్పాను, ఒక్కటీ దాచలేదు. కడపట, "తడి తగలనివ్వకండి. తడిస్తే ఎంత నిటారు గోడైనా ఎక్కి పోతాయి," అన్నాను. అప్పటికే ఆయన టోపీ పెట్టుకుంటున్నాడు.

సెప్టెంబరులో పోటీ ఆదివారం నల్లగౌను వేసుకుని వెళ్ళాను. పెర్సీ తాడు దగ్గరే ఆపేశాడు.

"టీ బల్ల దగ్గర ఉండమ్మా. నియమం నియమమే. నీ ఒక్కదానికోసం మారిస్తే రేపు అందరి పెళ్ళాలూ వస్తారు."

"మాటిచ్చారు కదండీ."

"కమిటీ ఒప్పుకోలేదు తల్లీ."

కమిటీ అంటే ఆయనే. అందరూ సంచిలో చెయ్యిపెట్టి నంబర్లు తీశారు. ఆఖర్న పెర్సీ తీశాడు. పధ్నాలుగు. ఆ చీటీ సంచిలో ఉందో, ఆయన గుప్పిట్లో ఉందో దేవుడికెరుక.

టీ బల్ల వంపుకి ఎదురుగానే ఉంది. క్లెమ్ మోకాళ్ళు ఆనిన చోట ఆయన మోకాళ్ళు ఆనడం కనిపిస్తూనే ఉంది. ఈల ఊదాడు. మొదటి గంటలోనే రెండు బ్రీమ్‌లు లాగాడు. "చూశారా!" అని అటూ ఇటూ అరిచాడు. పురుగుల డబ్బా పక్కనే మూత లేకుండా పెట్టుకున్నాడు.

అప్పుడు సన్నగా తుంపర మొదలైంది.

నా పక్కన నిలబడ్డ ఐవీ, ఆయన భార్యే, కప్పులు తుడుస్తూ, "ఆ డబ్బా చూడు విన్నీ, అంచు తెల్లబడుతోంది. పిలవవే," అంది.

"నా గొంతుకి చేపలు బెదురుతాయి కదా," అన్నాను.

ఐవీ నా మొహం చూసింది. మళ్ళీ కప్పులు తుడవడం మొదలెట్టింది.

తెల్లటి బారు ఒకటి అంచు దాటి గడ్డిలోకి దిగింది. ఆయన కళ్ళు బెండు మీదే ఉన్నాయి. ఎరకోసం చెయ్యి పెట్టి తడిమి, డబ్బా తలకిందులు చేశాడు. తడి తవుడు తప్ప ఏమీ రాలలేదు. గడ్డిలో చేతులమీదా మోకాళ్ళమీదా పాకుతూ ఏరుతుంటే అటూ ఇటూ మగాళ్ళంతా గాలాలు వదిలి నవ్వారు.

"పెర్సీ, ఈల ఊదవయ్యా, వెనక్కొస్తాయేమో!"

కందగడ్డ మొహంతో, ఇంకో ఎరకోసం కారు దగ్గరికి పరుగెత్తాడు.

నేను టీ కప్పు దించి, తాడు కింద నుంచి వంగి వెళ్ళాను. ఆయన బుట్టని పక్కకి తోసి తడి నేలమీద కూర్చున్నాను. పురుగులు నా గౌను అంచు మీదుగా పోతున్నాయి. పోనిచ్చాను.

తిరిగి వచ్చాడు, ఒగరుస్తూ. "లే విన్నీ! ఇది నా చోటు. పోటీ జరుగుతోంది!"

ఎవరూ నవ్వలేదిప్పుడు. పదమూడో చోటు ముసలాయన ఈల మోగకుండానే తన గాలం పైకి తీసేశాడు. పదిహేనో చోటతనూ తీసేశాడు.

"ఈల మీ దగ్గరే ఉంది కదండీ," అన్నాను. "ఊదుకోండి."

ఆఖరి ఈల సాయంత్రం నాలుగింటికి మోగింది. అంతవరకూ నేను లేవలేదు.