అన్ యారమాన్ అంటే జర్మనీ

నేను చెప్పినవి దేశాల పేర్లు. ఇంగ్లండు, ఫ్రాన్సు, జర్మనీ, స్పెయిన్, ఇటలీ. వాటికి "కుమారీ, పడమటికి వెళ్లవద్దు, ఉన్నచోటనే నిన్ను ఆశీర్వదిస్తాను" అని అర్థం చెప్పారు. పదిమందిలో చెప్పారు. అది తప్పని నేనంటే, పలికింది నేనే అయినా దాని అర్థం నాకు తెలియదన్నారు. ఈ అన్యాయం నేను మరిచిపోను. మరిచిపోవడం నాకు చేతకాదు కూడా. ఐదో తరగతిలో చేయని తప్పుకు నన్ను బెంచీ ఎక్కించిన మాస్టారి చొక్కా రంగు ఇప్పటికీ చెప్పగలను.

ఆ ఐదో తరగతితోనే నా బడి అయిపోయింది. తర్వాత చదివిందంతా నా అంతట నేను చదివిందే. అట్లాసు నాకు కొట్టిన పిండి. అమెరికా తూర్పు తీరాన పార్సిప్పనీ అనే ఊళ్లో మా అమ్మాయి ఉండే అపార్టుమెంట్ల ముందు ఒక బెంచీ ఉంది. రోజూ దాని మీద కూర్చునే ఐర్లండు ముసలావిడతో నాకు స్నేహం కుదిరింది ఆ అట్లాసు వల్లనే. ఆవిడ రిటైరైన నర్సు. చిన్నప్పుడు వాళ్ల ఇంట్లో ఐరిష్ భాషే మాట్లాడేవారట. ఇంగ్లండును మీవాళ్లు ఏమంటారని ఒకరోజు అడిగాను. "ససనా" అంది. ఫ్రాన్సు? "అన్ ర్యాంక్." మొదట్లో ఉండాల్సిన 'ఫ' ఏమైందంటే, రాసేటప్పుడు ఉంటుంది, పలికేటప్పుడు ఉండదు అంది. నాకు ఒళ్లు పులకరించింది. వాళ్లు వేల్సును చిన్న బ్రిటన్ అంటారు. నెదర్లాండ్సును పల్లపు దేశం అంటారు. అమెరికాను "మెరికా" అంటారు. మా నాయనమ్మ కూడా అచ్చం అలాగే అనేది, మేమంతా పడీపడీ నవ్వేవాళ్లం. ఆవిడ ఐరిష్ మాట్లాడుతోందని అప్పుడు ఎవరికి తెలుసు?

ఇక ప్రతి ఆదివారం మధ్యాహ్నం నాకు పరీక్ష. ఐర్లండు ఆవిడ ఇంగ్లీషులో దేశం పేరు చెబితే నేను ఐరిష్‌లో చెప్పాలి, ఆవిడ ఐరిష్‌లో చెబితే నేను ఇంగ్లీషులో. ఒక్కటి తప్పినా మళ్లీ మొదటి నుంచి. నాకు చదువు ఒంటబట్టేది ఒకే విధంగా, ఎక్కాల రాగంలో, ముందుకూ వెనక్కూ ఊగుతూ. అలాగే బట్టీ పట్టాను.

శనివారం సాయంత్రాలు దగ్గర్లోని ఐసెలిన్ ఊళ్లో ఒక సిస్టర్ గారి ఇంట్లో మా తెలుగు సంఘం ప్రార్థన కూటం. ప్రార్థన ముదిరినప్పుడు మాలో కొందరు అన్యభాషల్లో మాట్లాడతారు. అది ఏ భాషో మాట్లాడేవారికే తెలియదు, పక్కవారెవరో అర్థం చెప్పాలి. ఆ అర్థం చెప్పే వరం సిస్టర్ గారికి ఉందని పేరు. దాన్ని నేనెప్పుడూ వేళాకోళం చేయలేదు, ఇప్పుడూ చేయడం లేదు.

ఆ శనివారం ప్రార్థన సుదీర్ఘంగా సాగింది. మర్నాడు నాకు పరీక్ష. కళ్లు మూసుకుని లోపల్లోపల దేశాలు మొదలుపెట్టాను. అయితే ఎక్కాల రాగం లోపల ఉండే రకం కాదు. అన్ యారమాన్ దగ్గరికి వచ్చేసరికి గది నిశ్శబ్దమైంది. మంచిదే, ఏకాగ్రత కుదిరింది అనుకున్నాను. స్పెయిన్ దగ్గర ఎవరో "స్తోత్రం" అన్నారు. ఇటలీకి ఇంకో ఇద్దరు అన్నారు. ప్రోత్సాహం దొరికితే నేను ఆగే మనిషిని కాను. గ్రీసూ, హంగరీ, స్విట్జర్లాండూ ఒక్క ఊపులో దాటేశాను. అప్పుడు సిస్టర్ గారు చెప్పిన అర్థమే నేను మొదట రాసింది.

ఆ కుమారి అంటే ఎవరో గదిలో అందరికీ తెలుసు. సిస్టర్ గారి ఇంట్లోనే కింది గదిలో అద్దెకుండే పిల్ల. మాస్టర్స్ పూర్తి చేసింది. పడమటి తీరాన కాలిఫోర్నియాలో ఉద్యోగం వచ్చింది, శుక్రవారం లోపల జవాబు చెప్పాలి. వీసా గడువు దగ్గరపడుతోంది, చేతిలో ఇంకో ఉద్యోగం లేదు. ఇది వదులుకుంటే తిరుగు విమానమే. సిస్టర్ గారికి పిల్లలు లేరు, ఈ పిల్లను కన్నబిడ్డలా చూసుకునేవారు. ఆ పిల్ల వెక్కి వెక్కి ఏడుస్తూ, "నాకు ఆన్సర్ వచ్చేసింది ఆంటీ, ఆఫర్ డిక్లైన్ చేసేస్తా" అంది.

నేను కళ్లు తెరిచి, "అమ్మా, అది జర్మనీ" అన్నాను.

"మీకు తెలీదు అంకుల్," అన్నారు సిస్టర్ గారు చాలా ప్రేమగా. "మాట్లాడేవాళ్లకి తెలీదు. అదే కదా గుర్తు."

తిరిగి వచ్చేటప్పుడు కారులో మా ఆవిడ నాతో 'మీరు' అని మాట్లాడింది. పెళ్లయిన కొత్తలో తప్ప నేనా మాట వినలేదు. ఆదివారం చర్చిలో ఒకాయన నా చెయ్యి పట్టుకుని పార్కింగ్‌లోకి లాక్కెళ్లి, కొత్త కారు మీద పెట్టించి, ఏదైనా నాలుగు మాటలు పలకమన్నాడు. అన్నీ దేశాల పేర్లే బాబూ అంటే, ఏవైనా సరే అన్నాడు. డెన్మార్కు చెప్పి వచ్చేశాను. ఆ పిల్లకు ఫోన్ చేస్తే, "నన్ను టెస్ట్ చేయకండి తాతగారూ" అని పెట్టేసింది.

గురువారం సిస్టర్ గారి ఇంట్లో బైబిల్ స్టడీ. ఐర్లండు ఆవిడను సాక్ష్యానికి వెంటబెట్టుకుని వెళ్లాను. మా అమ్మాయి డ్రైవ్ చేస్తూ దారి పొడుగునా నన్ను తిట్టింది. ఆవిడ మాత్రం లిప్‌స్టిక్ వేసుకుని, పెళ్లికి వచ్చినట్టు వచ్చింది. ముందు అందరికీ బిర్యానీ పెట్టారు. తర్వాత నేను లేచి నిలబడి అదే రాగంలో, ఈసారి కళ్లు తెరిచి, మొదలుపెట్టాను. నేను ససనా అంటే ఆవిడ ఇంగ్లండు అంది. అన్ ర్యాంక్ అంటే ఫ్రాన్సు. అన్ యారమాన్ దగ్గర నన్ను ఆపి, పలకడం సరిగ్గా లేదని అందరి ముందూ రెండుసార్లు అనిపించింది. అన్ స్పాయిన్ అనగానే పిల్లలు వాళ్లంతట వాళ్లే స్పెయిన్ అని అరిచారు. ఇక గది గదంతా ఆటలో పడింది. టర్కీ ఎవరు ముందు చెప్పారన్న దాని మీద ఇద్దరు ఇంజనీర్లు వాదించుకున్నారు.

ఆ పిల్ల నవ్వలేదు. సిస్టర్ గారి వైపు చూసింది.

"ఆమె చెప్పింది ట్రాన్స్‌లేషన్. నేను చెప్పింది ఇంటర్‌ప్రిటేషన్. రెండూ వేరు అంకుల్," అన్నారు సిస్టర్ గారు.

ఇంతకీ మీ గొడవేమిటని ఐర్లండు ఆవిడ అడిగింది. పడమటికి వెళ్లవద్దన్న మాట ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ మంచినీళ్లు అడిగి తాగి, పిల్ల పక్కన కూర్చుని ఏదో అంది. ఆవిడ యాస ఆ పిల్లకు అందలేదు. అందుకని నేనే అర్థం చెప్పాల్సి వచ్చింది:

"ఆవిడ ఐర్లండు నుంచి పడమటికే వచ్చిందట. నువ్వు హైదరాబాదు నుంచి వచ్చింది ఎటమ్మా? పడమటికి వెళ్లకూడదంటే ఈ గదిలో ఒక్కరూ ఉండకూడదు అంటోంది."

ముందు మా ఆవిడ ఫక్కున నవ్వింది. తర్వాత ఆ పిల్ల. నవ్వుతూనే కళ్లు తుడుచుకుని కిందికి, తన గదిలోకి వెళ్లిపోయింది. మర్నాడు సరేనని కంపెనీకి రాసిందట, మా అమ్మాయి చెప్పింది.

అంతటితో వదిలేయమన్నారు అందరూ. నేను వదల్లేదు. ఆ రోజు చెప్పిన అర్థం తప్పని సంఘం ముందు చెప్పాలని సిస్టర్ గారికి వాట్సాప్‌లో రాశాను. జవాబు లేదు. మళ్లీ రాశాను, అన్ని దేశాల పేర్లూ రెండు భాషల్లో జతచేసి. చివరికి మొన్న జవాబు వచ్చింది:

"అంకుల్ గారూ, వందనాలు. మీ మెసేజ్‌లు అన్నీ చదివాను. నిన్న పాపని ఎయిర్‌పోర్ట్‌లో నేనే డ్రాప్ చేసి వచ్చాను. ఆ రోజు మీరు మాట్లాడుతుంటే నాకు వినపడింది నా భయమే అంకుల్, ఈ పిల్ల వెళ్లిపోతే ఇంట్లో ఎలా ఉండాలా అని. దాన్ని దేవుడి మాట అనుకున్నాను. తప్పే. మీ దగ్గర ఒప్పుకుంటున్నాను. అందరి ముందూ చెప్పమంటే మాత్రం చెప్పలేను, ఇంక అడగకండి."