రెండు పక్కలా

ఇలోయిలో అనే ఊరి ఆసుపత్రిలో నెలలు నిండని పిల్లల ఊపిరి యంత్రాలు చూసే డెల్ఫిన్ను అందరూ మానోంగ్, అంటే పెద్దన్న, అనేవారు. ఆయన పొద్దున్నే గొట్టాల్లో చేరిన నీళ్లు వంపేసి, అతుకులన్నీ వేలితో తడిమి చూశాకే నోరు విప్పేవాడు. కొత్త నర్సులకు ఆయన చెప్పే పాఠం ఒక్కటే: "ముందు బిడ్డ ఛాతీ చూడండర్రా, యంత్రం తెర ఎక్కడికీ పారిపోదు."

ఆ రోజు ఎండుచేపలమ్మే రొసెండా తన బిడ్డ ఉన్న గాజుపెట్టెలోకి వంగి చూసి, "మానోంగ్, మావాడికి ఛాతీ ఎడమ పక్క లేవట్లేదు," అంది. ఆయన తెరకేసి చూశాడు. ఊపిరి ఊపిరికీ వెళ్లాల్సినంత గాలి వెళుతోందనే ఉంది అంకె. "చేపల సంగతి నువ్వు చూసుకో ఇందాయ్, ఊపిరి సంగతి మేం చూసుకుంటాం," అన్నాడు, చిన్న చెల్లిని పిలిచినట్టు. నర్సులు కిసుక్కున నవ్వారు. కాసేపటికే బిడ్డ పెదవులు నల్లబడ్డాయి. గొంతులోని గొట్టం లోపలికి జారి, గాలంతా కుడి ఊపిరితిత్తికే పోతోంది. డాక్టరమ్మ పరుగున వచ్చి గొట్టాన్ని కాస్త వెనక్కి లాగాక గాని ఎడమ పక్క లేవలేదు. రొసెండా తన స్టూలు ఆయన వైపు జరిపి, "కూర్చోండి మానోంగ్, ఇప్పుడు రెండు పక్కలా లేస్తోంది," అంది.

ఇప్పటికీ ఆయన ప్రతి పెట్టె దగ్గరా ముందు తల్లినే అడుగుతాడు: "రెండు పక్కలా లేస్తోందా, ఇందాయ్?" ఆమె చూసి చెప్పేదాకా దించిన తల ఎత్తడు.