గోపాలకృష్ణయ్య మీద ఏడుపు

మా పక్కింటి గోపాలకృష్ణయ్య క్రోసూరు దగ్గర మా ఊరికి రెండుసార్లు సర్పంచిగా చేశాడు. మూడోసారి చిత్తుగా ఓడిపోయి కొత్త కారు కొన్నాడు. ఓడినవాడికి ఇంత కారెందుకని ఒక్కడూ అనలేదు. ఆయన బాధంతా అదే. ఊళ్ళో తనను ఓ మాట అనేవాడే లేకుండా పోయాడు.

దిష్టి తగలకుండా కారుకు నల్లతాడు కట్టాలన్నాడు. అందరిలా బంపరుకు కడితే గిట్టనివాళ్ళు తెంపేస్తారట. అందుకని కారు కిందికి దూరి, వెనక ఎడమ చక్రం లోపల ఏదో వైరు కనబడితే దానికి బిగించి వచ్చాడు. పది రోజులకు డాష్‌బోర్డు మీద రెండు పసుపు లైట్లు వెలిగాయి. ఒకటి బ్రేకుల తాలూకు ఏబీఎస్, రెండోది కారు జారుతున్న బొమ్మ.

ఇంకెవరైనా అయితే మెకానిక్ దగ్గరికి పరిగెత్తుతారు. ఈయన మురిసిపోయాడు.

"ఏమే, చూశావా? మన మీద చానా ఏడుపుంది ఊళ్ళో. ఏకంగా కారుకే తగిలింది" అన్నాడు భార్య ప్రభావతితో.

కుడి చక్రానికీ ఒక తాడు కట్టాడు. వారం తిరక్కుండా ఎర్ర బ్రేకు లైటు కూడా వెలిగింది. ఇక టీకొట్టు దగ్గర కనబడినవాణ్ణల్లా కారెక్కించి ఆ లైట్లు చూపించేవాడు. ఎన్నికల్లో పడని ఓట్లన్నీ డాష్‌బోర్డులో పడ్డంత సంబరం. నాకు ఒళ్ళు మండిపోయేది. అసలు బ్రేకులు పడుతున్నాయా లేదా అని మాత్రం ఆయన చూసుకోలేదు.

మొన్న వానలో వాళ్ళిద్దరూ నేనూ ముగ్గురం నరసరావుపేట పోతుంటే గేదె అడ్డొచ్చింది. బ్రేకు తొక్కగానే కారు గిర్రున తిరిగి మిరపచేలో దిగబడింది. ప్రభావతి దిగి, "మెకానిక్ దగ్గరికి పోతారా, నన్ను బస్సెక్కమంటారా?" అంది. నలుగురు పట్టి కారును రోడ్డెక్కించారు. నత్తనడకన పేటలో మెకానిక్ అయాజ్ షెడ్డుకు చేరాం.

దిష్టి తగిలిందని గోపాలకృష్ణయ్య చెబుతుండగానే అయాజ్ స్కానర్ తగిలించి చూశాడు. "వెనక రెండు చక్రాల సెన్సార్లూ పలకట్లా బాబాయ్" అన్నాడు. జాకీ పెట్టి ఎత్తి టార్చి వేస్తే, తాళ్ళు లాగిన లాగుడుకు వైర్ల జాయింట్లు ఊడి వేలాడుతున్నాయి. తాళ్ళు కోసేసి, జాయింట్లు నొక్కి, వీధి చివరిదాకా తిప్పి తెచ్చాడు. ఒక్క లైటూ లేదు.

"దిష్టీ లేదు, గిష్టీ లేదు బాబాయ్. ఎవడో తెలివితక్కువోడు వైర్లకి తాళ్ళు కట్టాడు, అంతే."

గోపాలకృష్ణయ్య ఆ చీకటి డాష్‌బోర్డు వంక చూస్తూ నిలబడిపోయాడు. ఇన్నాళ్ళూ తిట్టుకున్న నాకే ఆ ముఖం చూసి జాలేసింది.

"అంటే ఏందిరా... నా మీద ఎవడికీ ఏడుపు లేదంటావా?"

అయాజ్ టార్చి తుడిచి జేబులో పెట్టుకున్నాడు. అప్పటికే వెనక సీటెక్కి కూర్చున్న ప్రభావతి తల బయటపెట్టింది.

"నాకుంది లేండి ఏడుపు, ముప్పయ్యేళ్ళ నుంచీ. ఇంక బండి తియ్యండి."