విమానం ఎక్కడం నేర్పిన బాబాయి

మంగళవారం పొద్దున్న పిన్ని ఫోన్ చేసింది. "మీ బాబాయ్ పోయినాడమ్మా. టీ పెట్టమన్నాడు, పెట్టి తెచ్చేసరికి మనిషి లేడు," అంది. ట్రావెల్ ఆఫీసులో నా కౌంటరు ముందు ఒక పెద్దమనిషి కిటికీ సీటు కోసం నాతో తగువాడుతున్నాడు అప్పుడు. "ఉండండి సార్, మా బాబాయి పోయాడు!" అని గట్టిగా అరిచి, అందరి ముందూ ఏడ్చేశాను. పాపం, ఆయన మళ్ళీ కిటికీ సీటు మాటెత్తలేదు.

రక్తసంబంధం ఏమీ లేదు. గాజువాకలో మేం పై వాటాలో, వాళ్ళు కింద వాటాలో అద్దెకుండేవాళ్ళం, అంతే. ఉక్కు కర్మాగారాలకి కొలిమి ఇటుకలు అమ్మే కంపెనీలో ఆయన పని. సోమవారం కలకత్తా, బుధవారం హైదరాబాదు, శుక్రవారానికి ఇల్లు. తొంభైల్లో మా వీధి మొత్తానికి విమానం ఎక్కే మనిషి ఆయనొక్కడే. ఒక తెల్ల చొక్కా, ఒక చిన్న బేగు, జేబులో విమానాల కంపెనీ ఇచ్చిన బంగారు రంగు కార్డు. ఆ కార్డుంటే లైనులో నిలబడక్కర్లేదు, నిండిపోయిన విమానంలో కూడా సీటు చూస్తారు. ఎగిరిన కొద్దీ పాయింట్లు, పాయింట్లు పోగైతే ఊరికే టికెట్టు. వాటి మీద ఆయనకున్న యావ అంతా ఇంతా కాదు. చింపిన బోర్డింగ్ పాస్ ముక్కలన్నీ బూట్ల అట్టపెట్టెలో దాచేవాడు. "పాయింట్లు పడ్డట్టు కాయితం వొచ్చేదాకా ముక్క పారీకమ్మా. ఆళ్ళు మర్సిపోతారు, మనం మర్సిపోకూడదు," అనేవాడు. తరచూ విమానాల్లో తిరిగేవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే, ఇది ఇప్పటికీ నిజమే, వినండి.

ఆ పాయింట్లన్నీ పిన్నిని సింగపూరు తీసుకెళ్ళడానికి. ఆరేళ్ళుగా కూడబెడుతున్నాడు. పిన్ని అప్పటికి విమానం గడప తొక్కలేదు.

ఇక నా మొగుడి సంగతి. చచ్చినవాణ్ణి తిట్టకూడదంటారు గానీ నేను తిడతాను. పోర్టు లారీల వాళ్ళలో పెత్తనం చేసేవాడు, చేతికింద పాతికమంది. ఊళ్ళో వాళ్ళని కొట్టి వచ్చి, చాలక నన్ను కొట్టేవాడు. కూరలో ఉప్పెక్కువైతే బెల్టు, తక్కువైతే బెల్టు, అదీ బకిల్ ఉన్న వైపు. ఒక శుక్రవారం నా తల గోడకేసి మోదితే పై పన్ను ఊడి నోట్లో పడింది. బాబాయి అప్పుడే ఊర్నించి దిగాడు. బేగు కింద పడేసి మెట్లెక్కి వచ్చి, "ఒగ్గీరా! పిల్ల సచ్చిపోద్ది!" అని మధ్యలోకి దూరాడు. వాడు గుండెల మీద తన్నాడు. ఆయన పది మెట్లు దొర్లి కింద పడ్డాడు. లేచి, చొక్కా దులుపుకుని మళ్ళీ ఎక్కాడు. మళ్ళీ తన్నాడు. మళ్ళీ ఎక్కాడు, ఈసారి ముక్కులోంచి నెత్తురు కారుతూ. వాడికే విసుగొచ్చి, ఆయన్ని తోసుకుంటూ బయటికి పోయాడు.

అప్పటికి రెండుసార్లు పారిపోయాను. మొదటిసారి కాంప్లెక్సు బస్టాండులో శ్రీకాకుళం బస్సెక్కి కూర్చుంటే, వాడి మనుషులు జుట్టు పట్టుకుని కిందికి లాగారు. బస్సు నిండా జనం. ఒక్కడు నోరెత్తలేదు. థూ! రెండోసారి రైల్వే స్టేషనులో వాడే దొరకబుచ్చుకుని, ప్లాట్‌ఫారం మీదే నా ఎడం చెయ్యి విరిచాడు. కట్టు వాడే కట్టించాడు. ఆసుపత్రి మెట్లు దిగుతుంటే నా చెవి దగ్గర వంగి, "ఇంకోపాలి ఎల్నావంటే సంపి సముద్రంలో పడేత్తాను. మీ అయ్య వల్లోనే పడతావ్," అన్నాడు. మా నాన్న జాలరి. వీడేమో అన్నంత పనీ చేసే రకం.

ఒక మధ్యాహ్నం బాబాయి నన్ను కింద వంటగదిలో కూర్చోబెట్టి అడిగాడు. "బస్టాండులో ఆడి మనుసులు. రైలు స్టేషన్లో ఆడి మనుసులు. ఇమానం కాడ ఎవులున్నారమ్మా?"

నవ్వాను. చిట్లిన పెదవి మళ్ళీ విడింది. "నాలాటోళ్ళు ఇమానం ఎక్కుతారేటి బాబాయ్?"

"ఆడూ అదే అనుకుంటాడు," అన్నాడు.

పాయింట్ల మీద టికెట్ ఎవరి పేరునైనా తీయొచ్చని నాకు అప్పుడే తెలిసింది. పిన్ని వైపు చూడలేకపోయాను. ఆవిడ చింతపండు పిసుకుతూ, "సింగపూరు ఎక్కడికీ పారిపోదులే. ముందు పిల్లని పంపించు," అంది.

నాలుగు మధ్యాహ్నాలు నేర్పాడు. మూడు కుర్చీలు వరసగా వేసి, నడవ పక్క కుర్చీలో నన్ను కూర్చోబెట్టాడు. "ముందు వరసల్లో, నడవ పక్కన అడుగు. దిగ్గానే బయట పడతావ్. పెట్టె ఆళ్ళకి అప్పజెప్పకు. దిగినాక పెట్టె కోసం అరగంట నిలబడాల, ఆ అరగంటా నీది కాదు. సేతిలో బేగు సాలు. సెవులు దిబ్బడేత్తాయి, పిప్పరమెంటు సప్పరించు." అన్నిటికన్నా ఎక్కువసార్లు చెప్పింది ఇంకోటి. "బెదురు సూపులు సూడకమ్మా. రోజూ ఎక్కేవోడు ఎవుళ్ళనీ సూడడు." నన్ను వంటగదిలోంచి హాల్లోకీ, హాల్లోంచి వంటగదిలోకీ నడిపించి, పిన్నిని కౌంటరు మనిషిని చేసి, నా చేత టికెట్ ఇప్పించేవాడు. పిన్ని ముఖం గంటు పెట్టుకుని, "ఏటి, లేటొచ్చినావ్?" అని గద్దించేది.

రెండో రోజు సీటు బెల్టు ఎలా పెట్టుకోవాలో చూపిద్దామని తన నడుం బెల్టు విప్పాడు. బకిల్ చప్పుడు వినగానే నేను కుర్చీలోంచి జారి, తల మీద చేతులు పెట్టుకుని నేల మీద ముడుచుకుపోయాను. ఆయన బెల్టు తీసుకెళ్ళి పెరట్లో పడేసి, పిన్ని తువ్వాలు నా నడుముకి చుట్టి, ముడి వేసి, "ఇదిగో ఇలగే," అన్నాడు. ఆ తర్వాత నేనున్నప్పుడు ఆయన బెల్టు పెట్టుకోగా చూడలేదు. చొక్కా బయటికి వేసుకునేవాడు.

సోమవారం పొద్దున్న ఆయన కోసం వచ్చే కంపెనీ కారులోనే, వెనక సీటులో పడుకుని వెళ్ళాను. కారు ప్రతి సోమవారం వచ్చేదే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. కౌంటరులో బంగారు కార్డు చూపించి నన్ను లైను లేకుండా పంపించాడు. "నువ్వూ వొచ్చీ బాబాయ్," అని చెయ్యి పట్టుకున్నాను. "పిన్ని ఒక్కర్తీ ఉంది," అని ఆ కారులోనే వెనక్కి వెళ్ళాడు.

పదకొండింటి హైదరాబాదు విమానం. రెండున్నర గంటలు లేటన్నారు. చెమటలు పట్టాయి. బూట్ల చప్పుడు వినపడినప్పుడల్లా ఇంకో పిప్పరమెంటు నోట్లో వేసుకున్నాను. అయినా ఎవర్నీ చూడలేదు. పిప్పరమెంట్లు ఎక్కకముందే అయిపోయాయి. పైకి లేచాక పక్క సీటు మీదుగా కిటికీలోంచి కిందికి చూస్తే పోర్టూ, క్రేన్లూ, సముద్రం. వాడు అక్కడే ఎక్కడో ఉన్నాడు, నేను పైన ఉన్నాను. పగలబడి నవ్వాను. పక్క సీటాయన జరిగి కూర్చున్నాడు.

ఆ రోజు వాడు కాంప్లెక్సుకి పదిమందినీ, రైల్వే స్టేషనుకి పదిమందినీ పంపాడు. మా నాన్న ఇంటి మీద పడి పడవ ఇంజను గొడ్డలితో పగలగొట్టించాడు. విమానం ఊసే వాడి బుర్రకి తట్టలేదు. మావాళ్ళెవరూ విమానం ఎక్కరు కదా! ఏడాది తిరక్కుండానే పోర్టు గేటు ముందు ఎవరో వాణ్ణి పొడిచి చంపారు. ఆ కబురు విని కంచంలో అన్నం పెట్టుకుని తిన్నాను.

హైదరాబాదులో బాబాయికి టికెట్లు తీసే ట్రావెల్ ఆఫీసువాళ్ళే, ఆయన మాట మీద నాకు పని ఇచ్చారు. ఇప్పటికీ అదే పని. నేను వచ్చిన నెలకి ఆయనతో ఫోనులో మాట్లాడితే, స్కూటరు జారి చెయ్యి విరిగిందన్నాడు. ఆర్నెల్లు ఊళ్ళు తిరగలేదు. తిరక్కపోతే కార్డు నిలబడదు, బంగారు రంగుదాన్ని మామూలుదిగా దించేశారు. "పెద్దరికం పోనాది," అని నవ్వాడు. మళ్ళీ బుధవారాలు రావడం మొదలుపెట్టాక చూశాను, కుడిచేతి రెండు వేళ్ళు ముడుచుకోవు. "ఆ స్కూటర్ అమ్మీ బాబాయ్," అని దెబ్బలాడేదాన్ని. "అమ్మీసేను," అనేవాడు. పిన్ని సింగపూరు చూడలేదు. ఆవిడ ఎక్కిన మొదటి విమానం నన్ను చూడ్డానికి వచ్చిందే. టీ బాగోలేదని దారంతా సణిగిందట.

బాబాయి పదో రోజు అయ్యాక పిన్ని నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "స్కూటరు కాదమ్మా," అంది.

నేను వెళ్ళిన రోజు పన్నెండింటికి నలుగురు వచ్చారట, వాడూ ఉన్నాడు. లారీ జాకీ రాడ్డుతో మొదలుపెట్టారు. పక్కటెముకలు విరిగాయి. మోచెయ్యి విరిగింది. ఎక్కడికి పంపావో చెప్పమని వేళ్ళు గడప మీద పెట్టించి ఒక్కొక్కటీ కొట్టారు. ఆయన నోరు విప్పలేదు. పిన్ని కాళ్ళ మీద పడితే ఆవిణ్ణీ తన్నారు.

"తరవాత అడిగినానమ్మా. ఏదో ఊరి పేరు ముందే సెప్పీవొచ్చు గదా, అన్ని దెబ్బలెందుకు తిన్నావని," అంది పిన్ని. "తొందరగా సెప్తే నమ్మరన్నాడు. నమ్మి ఎల్నా, నేదని తెల్సుకుని మళ్ళీ ఎతుకుతారన్నాడు. ఇమానం ఇంకా లెగనేదు గదే అన్నాడు."

గంటన్నర. నేను అక్కడ పిప్పరమెంట్లు చప్పరిస్తూ కూర్చున్న గంటన్నర.

నేల మీద పడి, ఒక చెవి కిటికీ వైపు పెట్టుకుని ఉన్నాడట. ఒంటిగంటన్నరకి ఇంటి మీంచి విమానం చప్పుడు వచ్చింది. అది దూరంగా వెళ్ళి, పూర్తిగా ఆగిపోయేదాకా విన్నాడట. అప్పుడు నోట్లో నెత్తురు ఉమ్మేసి, కళ్ళు తెరిచి వాడి వంక చూసి, "శ్రీకాకుళం బస్సెక్కించీసేనురా," అన్నాడట.